ఆటలన్నీ ఇచ్చేసిన జట్టు

సముద్రాల అవతల, తన మానాన తాను ఓడిపోతూ బతుకుతున్న ఒక జట్టును నేను బీదర్‌లో కుర్చీలోంచి లేవకుండానే దాదాపు జైలు గుమ్మం దాకా నడిపించాను. ఆ వైనం చెప్పే ఓపిక కూడా ఇప్పుడు నాకు లేదు. అయినా మీరు నవ్వుకుంటానంటే చెబుతాను; అడిగినవారికి లేదనడం మా వంశంలో లేదు.

వంశం అన్నాను కనుక అదీ చెప్పాలి. మాది చింతకి అనే ఊరి వైపు దేశ్‌ముఖుల ఇల్లు. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అంటారు కదా, మా ఇంట్లో ఆ సామెత సగమే పనిచేసింది. మా ఏలుబడిలోని పన్నెండు ఊళ్లూ పోయి, బీదర్ పక్కన నౌబాద్‌లో రెండు గదుల అద్దె ఇల్లూ, వంగని నా వెన్నెముకా మిగిలాయి. కానీ మా నానమ్మ ముందు ‘పోయింది’, ‘ఓడిపోయాం’ అనే మాటలు నిషిద్ధం. కోర్టులో భూమి పోతే ‘ఇచ్చేసినం’ అనాలి. కోటలాంటి మా గడీ కప్పు కూలితే ‘పిట్టలకు ఇచ్చేసినం’ అనాలి. చిన్నప్పుడు గోలీలాటలో ఓడి ఏడుస్తూ వస్తే, "ఓడిపోయిన అంటవేందిరా? ఇచ్చేసిన అను!" అని నా చెంపకు ఒకటి ఇచ్చేసింది.

ఆర్నెల్ల కిందట నాకో ఉద్యోగం దొరికింది. రేణుకక్క అనే ఆవిడ జహీరాబాద్ నుంచి వచ్చి, బీదర్‌లో చౌబారా బురుజు దగ్గర చిన్న ఆఫీసు పెట్టి, కంపెనీలకు తెలుగులో పుస్తకాలూ కరపత్రాలూ రాయించేది. వయసులో నాకంటే చిన్నదే, కానీ జీతమిచ్చేవాళ్లంతా అక్కలే. మా వంశంలో జీతం తీసుకున్న మొదటివాణ్ణి నేనే. ఇది కూడా నిలబడకపోతే హళ్ళిఖేడ్‌లో బామ్మర్ది శివరాజు కిరాణా దుకాణంలో బెల్లం తూచాల్సిందేనని మా ఆవిడ ముందే తేల్చేసింది. శివరాజు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. "ఎప్పుడొస్తవు బావా? తరాజు తుడిచి పెట్టిన," అని పండగ పండక్కీ అడిగేవాడు.

మొదటి పెద్ద పని వచ్చింది.

"అన్నా, అమెరికాల ఒక ఫుట్‌బాల్ జట్టు ఉందట," అంది రేణుకక్క. "ఆట చూడనీకి తెలుగోళ్లు బాగ వస్తున్నరట. వాళ్లకు పంచనీకి జట్టు చరిత్ర తెలుగుల కావాలంట. ఇంగ్లీషు కాయిదాలు పంపిన్రు. మంచిగ రాయి. నా ఇజ్జత్ నీ చేతుల ఉంది."

చదివాను. కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదది. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని, హెల్మెట్లు తగిలించుకున్న మనుషులు ఆంబోతుల్లా ఢీకొనే ఆట. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగకపోతే బంతిని ఎదుటివాళ్లకు ఇచ్చేయాలి. ఆ నియమం చదివి నా ఒళ్లు పులకరించింది. గజం గజంగా ఇచ్చేయడం! అచ్చంగా మా ఇంటి ఆట!

జట్టు కథ అంతకంటే మా ఇంటి కథ. ఇనుప ఫ్యాక్టరీ యజమాని ఎవరో పెట్టాడు. తర్వాత ఊరు మారింది, పేరు మారింది, పాత మైదానాన్ని కూలగొట్టారు. ఒక ఏడాదైతే ఒక్క ఆటా గెలవలేదు. ఒకే ఒక్కసారి ఫైనల్‌కు పోతే, సరిగ్గా గెలుపు గీత ముందు ఆటగాడి చేతుల్లోంచి బంతి జారిపోయింది. ఇంత పెద్దింటి పరువు నా చేతిలో పెడితే నేనెలా తీస్తాను చెప్పండి?

రాశాను. ‘ఆ సంవత్సరం మన జట్టు ఎంతో పెద్ద మనసుతో ఆటలన్నీ ఎదుటివారికి ఇచ్చేసింది. ఫైనల్లో ఎదుటివారి కన్నీళ్లు చూడలేక, మన వీరుడు బంతిని మెల్లగా నేలమీద పెట్టి తప్పుకున్నాడు.’

"అబ్బ, ఎంత మంచోళ్లున్నరే!" అని రేణుకక్క కొంగుతో కళ్లొత్తుకుని పంపేసింది.

మర్నాడు పొద్దున్నే జట్టు ఆఫీసు నుంచి వీడియో కాల్. లావణ్య అని, అక్కడ పనిచేసే తెలుగావిడ.

"ఈ చరిత్ర రాసిందెవరండీ?"

నడుము ఇంకాస్త నిటారు చేశాను. "నేనేనమ్మా."

"ఆటలు ఇచ్చేశారని మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాల్నా? పెద్దిళ్ల సంగతులు మాకు తెలుసు."

"కావాలని ఆట వదిలేస్తే మ్యాచ్ ఫిక్సింగ్ అంటారండీ! ఇది అచ్చయితే, ఆ రోజు బంతి జారవిడిచిన పెద్దాయన్ని డెబ్భై ఏళ్ల వయసులో విచారణకు పిలుస్తారు!"

రేణుకక్క మెల్లగా నా వైపు తిరిగింది. "అన్నా, ఏం చేసినవ్?"

"పరువు కాపాడిన."

"మా పరువు మీరు కాపాడొద్దు సార్!" అంది లావణ్య. "ఓడిపోతారని తెలిసే మంచులో కూర్చుని చూస్తాం. ఆ జారిన బంతి గుర్తొస్తే మా ఆయన ఇప్పటికీ అన్నం మానేస్తాడు. మాకున్న ఆస్తి అదొక్కటే, దాన్నీ దానం చేసేశారు! ‘ఓడిపోయింది’ అని మార్చి రేపటికల్లా పంపండి."

మార్చాల్సింది ఒక్క మాట. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదంటారు. మా ఇంట్లో ఆకులు కూడా ఎప్పుడో ఇచ్చేశాం. ‘ఓ’ అక్షరం కొట్టగానే చెంప చురుక్కుమనేది. ‘గెలుపును వాయిదా వేసింది’ అని రాసి చెరిపాను. ‘గెలుపు అవసరం లేదనుకుంది’ అని రాసి అదీ చెరిపాను. గడువు దాటింది. రేణుకక్క ఫోన్ చేసింది.

"అన్నా, అయిందా?"

"వస్తుంది."

"ఏం వస్తుంది?"

"మాట."

నాలుగో రోజు నా ముఖం చూసి నానమ్మకే జాలేసింది. "ఏం రాస్తున్నవు రా అంతగనం?" సంగతి చెప్పాను. ఆవిడ బోసినోటితో పకపకా నవ్వింది. "ఓడిపోయిన్రని రాస్తే ఏమైతది రా! వాళ్లేమన్న మనింటోళ్లా?"

నాలుగు రోజుల పని నాలుగు నిమిషాల్లో అయింది. చౌబారాకు పరుగెత్తాను. అప్పటికే లావణ్య వాళ్లు అమెరికాలోనే ఎవరిచేతో రాయించుకున్నారు. నా కుర్చీలో బగ్దల్ నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని చకచకా రాసేస్తోంది. రేణుకక్క నాకు చాయ్ తెప్పించి, నేల చూస్తూ అంది, "అన్నా, నీ మనసు పెద్దది. నా ఆఫీసు చిన్నది."

కనుక, శివరాజు దుకాణంలో బెల్లం మీద ఈగలు తోలుతూ, ఈ తరాజు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ జట్టు ఓటమినీ, ఏ ఇంటి ఓటమినీ దానమని అనను. ఓడితే ఓడినట్టే, పోతే పోయినట్టే చెబుతాను.

మొన్న దుకాణానికొచ్చిన ఒక రైతు అడిగాడు, "దేశ్‌ముఖ్ సాబ్, బీదర్ల నౌకరి పోయిందట గదా?"

"పోలేదు," అన్నాను, తరాజు ముల్లు మీంచి చూపు తిప్పకుండా. "బగ్దల్ ఆమెకు అవసరముండె. ఇచ్చేసిన."