జాందిర్ నేర్పిన మొదటి పాఠం

బ్రెజిల్ నుంచి సింగపూర్ వచ్చిన జాందిర్ పన్నెండేళ్లు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల్లో తలపడ్డాడు. చివరి పోటీలో ప్రత్యర్థి అతని చెయ్యి మెలిపెట్టాడు. నేల తట్టి ఓటమి ఒప్పుకుంటే సరిపోయేది, కానీ మొండికేశాడు. భుజం విరిగింది, ఆట ముగిసింది.

ఇప్పుడు సింగపూర్‌లోని బుకిట్ బటోక్ పేటలో కుస్తీ పట్లు నేర్పుతున్నాడు. యాభై రెండేళ్ల బ్యాంకు ఉద్యోగి శ్యామలాదేవి కొత్తగా చేరింది. మొదటిరోజు అతను మెడ బిగిస్తే, మొహం కందగడ్డలా అయినా ఆమె తట్టలేదు. అతనే వదిలేశాడు.

"తట్టాలి లాహ్, ఆంటీ!" అన్నాడు, వంటబట్టిన సింగపూర్ యాసలో.

"మా గుంటూరోళ్లం అంత ఈజీగా ఓడిపోం, కోచ్!"

జాందిర్ భుజం మీది ఆపరేషన్ మచ్చ చూపించాడు. "నేనూ ఇలాగే అనుకున్నా."

ఆమె మెడ ముందుకు చాచి, "సరే, మళ్లీ పట్టండి" అంది. ఈసారి ఎంత గట్టిగా తట్టిందంటే హాలంతా తిరిగి చూసింది. ముందు చప్పట్లు కొట్టింది జాందిరే.