తడపని నేల

ఏళ్ల తరబడి దావీదు పేరు నా నోట రాలేదు. ఎవరైనా అతని మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు ఇది రాయగలుగుతున్నాను.

అతనూ నేనూ జోడీగా లాన్ పనులు, అంటే పచ్చిక పెంచే పనులు చేసేవాళ్లం. సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైవే పక్కన ఫంక్షన్ హాళ్లు లేస్తున్న రోజులవి. ఒకే బండి మీద తిరిగాం, ఒకే డబ్బాలో తిన్నాం. పెన్‌పహాడ్‌లో అతని ఇల్లు ఎస్సీ కాలనీలో. ఆత్మకూర్‌లో మా ఇల్లు ఊరి నడుమ. ఆ తేడా మా మధ్య లేదనే అనుకునేవాణ్ని.

మునగాల దగ్గర ఒక హాలు పని ఒప్పుకున్నాం. పెళ్లిళ్లకు వచ్చిన జనం తొక్కి తొక్కి అక్కడి నేల బండబారింది. గడ్డి అక్కడక్కడ పోయింది. యంత్రంతో నేలకు సన్నటి బెజ్జాలు వేసి, లోపలికి గాలి ఆడేలా చేసి, పైన కొత్త గింజలు చల్లాలి. ముందు రోజే నీళ్లు పెట్టి నేలను బెత్తెడు లోతు నానబెడితేనే యంత్రం మేకులు దిగుతాయి. యంత్రం తేవడం దావీదు వంతు. తడపడం నా వంతు.

నేను తడపలేదు. దోస్తులు దాబాకు పిలిచారు, వెళ్లాను. అంతే. పొద్దున వచ్చి, గడ్డి మెరిసేలా పైపుతో పైపైన చల్లాను. మర్చిపోయానని చెబితే మీరు నమ్ముతారేమో. కానీ మర్చిపోయినవాడు పైపు పట్టుకుని మెరుగులు దిద్దుతాడా?

దావీదు తడి గడ్డి చూశాడు. నన్ను నమ్మి యంత్రం నడిపాడు. అది ఎగిరెగిరి పడి, గడ్డిని వేళ్లతో సహా పెళ్లగించింది. మేకులు వంగిపోయాయి. చప్పుడుకు హాలు యజమాని వచ్చి, గడ్డి కింద పొడి మట్టిని చూశాడు.

“నీళ్లు ఎవడు పెట్టాలెరా?”

“దావీదు పెట్టాలె సార్,” అన్నాను.

“గా కులపోనికి పనిస్తే గిట్లనే ఉంటది. ఇగ వీడు నా గేట్ల అడుగు పెట్టొద్దు.”

దావీదు నా వైపు తిరిగాడు. “అన్నా, నిజం చెప్పు,” అన్నాడు మెల్లగా.

“చెప్పిన గద,” అన్నాను.

నా ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. దావీదు ఒంటి మీద చుక్క తడి లేదు. ఆ పెద్దమనిషికి కళ్లు లేవా? ఒక్క ప్రశ్న ఎందుకు అడగలేదు? ఎదురుగా ఉన్నది ఎవరో చూడగానే తీర్పు అయిపోయింది. తర్వాత ఏ హాలుకు వెళ్లినా దావీదు కంటే ముందే ఆ మాట చేరింది. ఎవరూ పనివ్వలేదు. ఆ పనులన్నీ నాకే వచ్చాయి. నేను కాదనలేదు.

ఇన్నేళ్లూ ఆ యజమానిని తిట్టుకుంటూ బతికాను. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. కానీ నా అబద్ధం అంత తేలిగ్గా ఎందుకు వచ్చింది? ఆయన నమ్ముతాడని నాకు ముందే తెలుసు. ఆయన మనసులో ఉన్న ఆ కుళ్లును నేను కవచంలా వాడుకున్నాను, పైగా ఆయన కంటే మంచివాణ్నని అనుకుంటూ వచ్చాను. నోటితో ఆ మాట అన్నవాడు ఆయన. అనిపించినవాణ్ని నేను. ఇద్దరిలో ఎవరు నీచుడు?

దావీదు ఇప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. ఒకసారి ఆ గేటు దాకా వెళ్లాను. లోపల అతని గొంతు వినిపించింది, ఎవరితోనో నవ్వుతున్నాడు. వెనక్కి తిరిగాను. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అడిగితే, క్షమించాల్సిన బరువు కూడా అతని మీదే పెట్టినట్టవుతుంది.

ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. ఇప్పుడు మీకు రాశాను. చాలా రోజులకు ఊపిరి కడుపు దాకా వెళ్తోంది.