పదకొండు ఇళ్ల తండ్రి

రంగనాథం మంచివాడని మద్రాసు చూళైలో ఎవరిని అడిగినా చెబుతారు. నన్ను మాత్రం అడగకండి. తొమ్మిదేళ్లు ఆయన స్టూడియోలో నెగటివ్‌ల మీద మచ్చలు చెరిపి, ప్రింట్ల మీద కుంచెతో మెరుగులు దిద్దిన ఆరోగ్యమేరిని నేను. ఆయన చేతులకంటిన, ఫోటోలు కడిగే హైపో మందు వాసన నా చేతులకూ అంటింది. ఇప్పటికీ కంచం ముందు కూర్చుంటే అది గుర్తొచ్చి ముద్ద దిగదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి పనితనం గురించి ముందు చెబుతాను. రంగనాథం తాతలు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చారు. ఈయన మౌంట్ రోడ్డులో దొరల స్టూడియోలో ట్రేలు కడుగుతూ పని నేర్చుకుని, చూళైలో ఒక గది అద్దెకు తీసుకుని 'రంగా స్టూడియో' అని బోర్డు పెట్టాడు. వెనక ఒక తెర, దాని మీద రాజుగారి మేడమెట్లు, రెండు హంసలు. ఏడ్చే పిల్లలు వస్తే కెమెరా నల్లగుడ్డలో తల దూర్చి కుక్కలా మొరిగేవాడు. పిల్లవాడు బిత్తరపోయి ఏడుపు ఆపిన క్షణంలో క్లిక్ మనిపించేవాడు. నాకు వెలుగునీడలు నేర్పింది ఆయనే. ఆ నేర్పే చివరికి ఏ పనికి వచ్చిందో వినండి.

యాభై ఏడులో పైదేశాల సరుకు మీద ఆంక్షలు వచ్చి ఫిల్ము, పేపరు మాయమైపోయాయి. అదే ఎండాకాలం ఫ్లూ జ్వరం వచ్చి పడింది. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. స్టూడియోలో ఈగలు తప్ప ఎవరూ లేరు. రంగనాథం బీరువాలో దాచుకున్న పాత పేపరు పెట్టెలు రోజూ తీసి చూసుకుని మళ్లీ లోపల పెట్టేవాడు.

అప్పుడు వచ్చాడు భాష్యం. హార్బరు ఆఫీసులో హెడ్‌క్లార్కు. జ్వరంతో వాళ్ల నాన్న పోయాడు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆ పెద్దాయన బతికినన్నాళ్లూ కెమెరా ముందుకు రాలేదు.

"పెద్దకర్మకి గోడ మీద పటం లేకపోతే నలుగురిలో తలవంపులయ్యా. ఏదైనా దారి చూడు," అన్నాడు.

"మనిషి ఎట్టా ఉండేవారో చెప్పండి," అన్నాడు రంగనాథం.

"విశాలమైన నుదురు. నెరిసిన మీసం. గంభీరమైన మనిషి."

రంగనాథం లోపలికి వెళ్లి ఒక గాజు నెగటివ్ ప్లేటు తెచ్చాడు. అది సుబ్బన్ ప్లేటు.

నెరిసిన మీసాల సుబ్బన్ మా వీధి మూలలో చేతిరిక్షా లాగేవాడు. అయిదేళ్ల కిందట రంగనాథం ఒక పాత లెన్సు కొన్నప్పుడు, అది పనికొస్తుందో లేదో చూడాలని సుబ్బన్‌ని పిలిచి, స్టూడియో కోటు తొడిగి, భుజాన శాలువ వేసి కూర్చోబెట్టాడు. ఒక ప్రింటు ఇస్తానని మాటిచ్చాడు. అప్పటినుంచి వారానికోసారి సుబ్బన్ గుమ్మంలో నిలబడి, "మొదలాళీ, నా పటం?" అని అరవంలో యజమానిని పిలిచినట్టు పిలిచి అడిగేవాడు.

"పేపరు లేదురా. ఆదివారం రా."

"శాలువ కప్పుకున్న నన్ను మా ఇంటిది మునియక్క ఒక్కసారి చూడల్ల సామీ. అంతే."

ఎన్నో ఆదివారాలు గడిచాయి గాని ఆ ప్రింటు మాత్రం రాలేదు.

భాష్యం కోసం మాత్రం పేపరు దొరికింది. ముఖం కాస్త మసకబారేట్టు ప్రింటు వేశాడు. స్పష్టంగా ఉంటే అనుమానం వస్తుందట. మెడలో శిలువ వేసుకున్న నేను తెల్లరంగులో కుంచె ముంచి ఆ నుదుట నిలువు నామం దిద్దాను.

భాష్యం దాన్ని చాలాసేపు చూశాడు. మేము దొరికిపోయాం అనుకున్నాను. అంతలో ఆయన "నాన్నా!" అని భోరుమన్నాడు. "ఇట్టాగే చూసేవాడు మేరీ, కోపం వస్తే సరిగ్గా ఇట్టాగే."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే రోత పుట్టింది. కన్నతండ్రి ముఖం ఇంత త్వరగా మరిచిపోతారా మనుషులు?

పటం కట్టించి ఇంటికి తీసుకెళ్లిన రోజు నేను గుమ్మంలోనే ఉన్నాను. వీధిలో ఉన్నది సుబ్బన్ రిక్షా ఒక్కటే. భాష్యం ఎప్పటిలాగే సీటు మీద ఉత్తరీయంతో రెండుసార్లు దులిపి, ఆ గుడ్డ ఒంటికి తగలకుండా మడిచి పెట్టుకుని ఎక్కాడు. న్యూస్‌పేపరు చుట్టిన పటం ఒళ్లో పెట్టుకున్నాడు.

"మెల్లగా లాగరా. మా నాన్నగారు ఉన్నారు," అన్నాడు.

"అట్నే సామీ," అని సుబ్బన్ తన ముఖాన్ని తానే లాక్కుంటూ వెళ్లాడు.

భాష్యం చెప్పుకున్నాడు, మరొకరు వచ్చారు. ఆయన చెబితే ఇంకొకరు. శైవుల ఇంటికి విభూతి రేఖలు, ఒకరికి మీసం లేకుండా, ఒకరికి తలపాగాతో. ఏడాది తిరిగేసరికి పదకొండు ఇళ్లలో సుబ్బన్‌కి పూలదండలు పడ్డాయి. ఆ ఇళ్లలో ఎక్కడైనా సుబ్బన్ దాహమడిగితే గేటు బయట దోసిలి పట్టించి ఎత్తునుంచి నీళ్లు పోసేవాళ్లు. పటం ముందు మాత్రం వెండి గ్లాసులో పాలు పెట్టేవాళ్లు.

"ఇది పాపం కాదా అయ్యా?" అని ఒకసారి అడిగాను.

"ఎవరికి నష్టం మేరీ? ఏడవడానికి వాళ్లకొక మొహం కావాలి. పొయ్యి వెలగడానికి మనకొక పని కావాలి," అన్నాడు రంగనాథం.

వెలుగుతున్న పొయ్యిల్లో నాదీ ఒకటి. మళ్లీ కుంచె పట్టాను.

మరుసటేడు వానలప్పుడు సుబ్బన్‌కి దగ్గు పట్టుకుంది. మనిషి పుల్లలా అయిపోయాడు. ఒకరోజు గోడ పట్టుకుని వచ్చి, "ఇంక ఎక్కువ దినాలు లేను మొదలాళీ. ఆ పటం ఇచ్చేయండి," అన్నాడు.

సుబ్బన్ గుడిసెలో ఆ పటం కనిపిస్తే, ఎవరో ఒకరు గుర్తుపడితే, పదకొండు ఇళ్లవాళ్లూ వచ్చి స్టూడియో తగలబెడతారు. రంగనాథానికి అదీ భయం. "ఆ ప్లేటు చెమ్మకి చెడిపోయిందిరా," అన్నాడు, కన్ను కూడా ఆర్పకుండా. నేను పక్కనే పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను. చెడిపోలేదని నాకు తెలుసు. పెన్సిలు చెక్కుతూనే ఉన్నాను.

వారానికి సుబ్బన్ పోయాడు. పదిరోజుల తర్వాత మునియక్క వచ్చింది. ఆమె భాష్యం ఇంటి దొడ్లో అంట్లు తోముతుంది. రంగనాథం ఎప్పుడో ఎవరో వదిలేసిపోయిన ఒక ముసలాయన ప్రింటు వెతికి తీసి, "ఇదిగో, మీ ఆయనే. తీసుకుపో," అన్నాడు.

మునియక్క ఒక్కసారే చూసింది. "ఈయన ఎవురు సామీ?"

"కోటు వేసుకుంటే మనిషి అట్టా మారిపోతాడు."

"కోటు ఏసినా గోనె ఏసినా మా ఆయన నాకు తెలీదా?" అని ఆ ప్రింటు బల్లమీద పెట్టేసింది. "మా ఆయన భాష్యమయ్య ఇంట్లో ఉండాడు సామీ. నన్ను హాల్లోకి రానీరు. దొడ్డివాకిట్లో నిలబడితే ఆడ గోడ మీద కనపడతాడు. నేనెవురికీ చెప్పలా. ఆ నామం తుడిచేసి నాకూ ఒకటి ఇయ్యండి, చాలు."

చదువుకున్న పదకొండు మంది కొడుకుల్లో ఒక్కడికీ తెలియనిది ఆమెకు ఒక్క చూపులో తెలిసింది. తిట్టనూ లేదు, అరవనూ లేదు. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది.

"రేపు రా," అన్నాడు రంగనాథం. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, ప్లేటు తీసుకుని పెరట్లోకి నడిచాడు. బట్టలుతికే బండమీద కొట్టాడు. ముక్కలు న్యూస్‌పేపర్లో చుట్టి సైడుకాలువలో పడేశాడు. ఆయన చేయి పట్టుకుని ఆపగలిగేంత దగ్గరలోనే ఉన్నాను నేను. ఆపలేదు. ఆ మనిషి మీద ఎంత అసహ్యం వేసిందో, నా మీద అంతకు రెట్టింపు వేసింది.

మర్నాడు మునియక్క వచ్చింది. లేదన్నాడు. సరే సామీ అని వెళ్లిపోయింది. తర్వాత మళ్లీ పేపరు దొరకసాగింది, పెళ్లిళ్లు మొదలయ్యాయి, రంగనాథం బోర్డుకి కొత్త రంగు వేయించాడు.

ఒక రోజు భాష్యం భార్య అలమేలు కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. పెళ్లివారికి పంపే ఫోటోకి ప్రూఫ్, అంటే నమూనా ప్రింటు, చూసుకోవాలట. మాటల్లో నాతో అంది: "మా మునియక్క లేదూ మేరీ, మా మామగారంటే దానికి ఎంత భక్తనుకున్నావు! అంట్లు తోమడం అయినాక దొడ్డివాకిట్లో నిలబడి ఆయన పటాన్నే చూస్తా ఉంటాది. వేరే ఇంట్లో ఎక్కువ జీతం ఇస్తామన్నా పోలేదు. కన్నకొడుక్కైనా అంత గురి లేదమ్మా."

"పుణ్యాత్ములండీ మీ మామగారు," అన్నాడు రంగనాథం, ప్రూఫ్ వెలుతురుకి పట్టి చూస్తూ.

నేను లోపలికి వెళ్లి, ట్రేలు కడిగే తొట్టిలో డోక్కున్నాను. నోరు కడుక్కుని వచ్చి, ఆ పిల్ల బుగ్గమీది మచ్చ చెరపడానికి పెన్సిలు చెక్కుకున్నాను.