పిన్ని చెప్పని రెండో సాక్ష్యం

మొదటి కాన్పుకి ముందు పిన్ని గుడివాడలో మా చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. అంతకుముందు ఆమె వేళ్ళ కణుపులు వాచి, పొద్దున్నే గ్లాసు కూడా పట్టుకోలేకపోయేది. కడుపొచ్చాక వాపు దిగిపోయింది. ప్రభువు ముట్టి బాగుచేశాడని చేతులెత్తి చూపిస్తే సంఘమంతా స్తోత్రం అంది. కొడుకు పుట్టిన రెండు నెలలకే వేళ్ళు మళ్ళీ బిగుసుకుని, ఈసారి వంకర తిరిగాయి. స్తోత్రం అన్నవాళ్ళే ఆమెకు విశ్వాసం చాల్లేదన్నారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బందరులో డాక్టరమ్మకి చూపించడానికి వెళ్ళినప్పుడు, పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి నన్నూ తీసుకెళ్ళారు.

"మీ అమ్మగారికి ఇలా ఉండేదా?" అని ఆవిడ అడిగింది.

ఉండేది. దివిసీమలో మా అమ్మమ్మకి అన్నం కూడా తాతయ్యే కలిపి పెట్టేవాడు. మావయ్యలిద్దరూ మాత్రం నిక్షేపంలా ఉన్నారు.

"మన ఒళ్ళే మన కీళ్ళ మీద తిరగబడుతుందమ్మా. ఆడవాళ్ళకే ఎక్కువ. వంశంలోనూ రావచ్చు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్లు మారతాయి, దానివల్లేనేమో కొంతమందికి అణిగుంటుంది. కాన్పయ్యాక మళ్ళీ లేస్తుంది" అంది.

ఇంత చెప్తే బాబాయి వాళ్ళమ్మకి ఒక్క ముక్కే ఎక్కింది. "అయితే ఇంకో కడుపొస్తే తగ్గుతుందన్నమాట" అంది.

రెండో కడుపుకీ వేళ్ళు తెరుచుకున్నాయి. పాస్టరుగారు ఇంటికొచ్చి సాక్ష్యం చెప్పమన్నారు.

"కాన్పయ్యాక చెప్తానండీ" అంది పిన్ని.

ఆయన వెళ్ళగానే కుట్టుమిషను ముందు కూర్చుంది. పుట్టబోయే బిడ్డకి జుబ్బాలు, కొడుకు బడికెళ్ళే వయసుకి చొక్కాలు, ఆ పై ఏటికి ఇంకా పెద్దవి కుడుతూనే ఉంది. ఇప్పట్నుంచే ఎందుకు పిన్నీ అన్నాను.

"ఇప్పుడు కుట్టకపోతే ఇంకెప్పుడు కుడతానే?" అంది.

నాకు భయం వేసింది. నెలలు నిండేకొద్దీ ఇంట్లో అందరూ సంబరపడుతుంటే, ఆ మిషను చప్పుడు వినలేక వీధిలోకి పోయేదాన్ని.

బందరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. కొడుకున్నాడు, ఇప్పుడు కూతురు, ఇంకేం కావాలి అన్నారంతా. పిన్ని మాత్రం పసిదాని గుప్పిట విప్పి ఒక్కో వేలూ తడిమి చూసింది. ఆ తర్వాత నా వేళ్ళ వైపు చూసింది.

పడుకోమని, బిడ్డని ఇమ్మని నర్సమ్మ చేతులు చాచింది. పిన్ని ఇవ్వలేదు.

"ఎత్తుకోనివ్వండి. తర్వాత నాకు చేతులుండవండీ" అంది.