నీళ్ల పంపు చప్పుడు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే ముందు నవ్వేది నేనే. మూడు తరాలుగా మిషన్ చర్చికి పోయే ఇల్లు మాది. గాలి సోకిందనే మాట గుమ్మంలో వినబడితే మా అవ్వ చీపురు తీసేది. పైగా నేను బండి బాగుచేసుకునే మనిషిని. ఏ చప్పుడుకైనా ఒక కారణం ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది. ఈ ఒక్కదానికి మాత్రం రెండేళ్లుగా వెతుకుతున్నాను, దొరకలేదు.

మాది చొప్పదండి దగ్గర ఊరు. మా ఆయన దాసు షార్జాలో డ్రైవరుగా చేసేవాడు. పోయే ముందు ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. అప్పటికే దానికి పదిహేనేళ్లు. "నిలబెడితే పాడైతది, వారానికొక్కసారన్న స్టార్ట్ చెయ్యి" అని తాళాలు నా చేతిలో పెట్టి విమానమెక్కాడు. తాళాలతో పాటు దాని రోగాలన్నీ నాకే వచ్చాయి.

మా ఊళ్లో మెకానిక్ లేడు. కరీంనగర్ నుంచి పిలిస్తే ఇదిగో వస్తున్నా అంటారు, రారు. అందుకని మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను బానెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఫోను దగ్గర పెట్టి ఆ చప్పుడు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపేదాన్ని. ఆయన డ్యూటీ దిగాక విని, ఏం పోయిందో, ఏ బోల్టు విప్పాలో వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. ఆ మాటలు వింటూనే సెల్ఫ్ మోటరు విప్పాను, రేడియేటర్ పైపులు మార్చాను, డీజిల్ ఫిల్టర్ మార్చి గాలి తీశాను. వేరే మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. మేము బండి చప్పుళ్ల గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం.

నాలుగేళ్లకు ఆయనకు సెలవు దొరికింది. మంగళవారం పొద్దున శంషాబాద్‌లో దిగాలి. ఆయన బండిని నేనే తోలుకుంటూ పోయి తీసుకొస్తానని పంతం పట్టాను. "నువ్వు తోల్తే నేను ఎనుక సీట్ల కూసుంట, సేటు లెక్క" అని ఫోన్లో నవ్వాడు. అది బుధవారం.

శుక్రవారం ఇంజన్ ముందు వైపు నుంచి గీరుతున్న చప్పుడు మొదలైంది. బెల్టు వదులైందనుకుని బిగించాను. ఇంకా ఎక్కువైంది. శనివారం పొద్దున ఏడున్నరకు, ఇప్పుడే రావాల్నా నీ రోగం అని బండిని తిట్టుకుంటూ రికార్డు చేస్తున్నాను. అప్పుడే చర్చి గంట మొదలైంది.

అది ఆరాధన గంట కాదు. ఆరాధనకు గబగబా కొడతారు. సంఘంలో ఎవరైనా పోతే ఒక్క దెబ్బ కొట్టి, ఆగి, మళ్లీ కొడతారు. చాలాసేపు కొడతారు. ఆ రోజు ఐదు దెబ్బలు పడి ఆగిపోయింది. రూతవ్వ నెల రోజులుగా మంచంలో ఉంది, పాపం ఆమే పోయిందనుకున్నాను. రికార్డు పంపి చేతులు తుడుచుకున్నాను.

పది దాటాక జవాబొచ్చింది. మాట మొదలుపెట్టే ముందు ఎప్పటిలాగే ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"మార్తా, బెల్టు కాదు. ఇంక గుంజకు. నీళ్ల పంపు బేరింగ్ పోయింది. బండి బంద్ జేసి పుల్లీ పట్టుకొని ఊపి చూడు, ఆడుతది. గట్లనే తోల్కపోతే నడి తొవ్వల ఇంజన్ సీజైతది. కొత్తది పెట్టేముందు పాత గాస్కెట్ మంచిగ గీకి తియ్యి. పరేషాన్ గాకు."

మెసేజ్ ఇంకా నడుస్తూనే ఉంది. అయిపోయిందనుకునేలోపు మళ్లీ ఆయన గొంతే.

"గంట ఎవలకు కొట్టిండ్రు? నడిమిట్ల ఆపిండ్రేంది?"

నేనూ వాయిసే పెట్టాను. "రూతవ్వ పోయినట్టున్నది. గది సరే గని, విమానం టైం మల్లొకసారి చెప్పు." దానికి ఒక్క టిక్కే పడింది, అంటే ఇంకా చేరలేదు. డ్యూటీ ఎక్కి నెట్ బంద్ చేసి ఉంటాడనుకున్నాను.

పుల్లీ పట్టుకుని ఊపితే ఊడబోయే పన్నులా కదిలింది. ఆయన చెవికి లోలోపలే దండం పెట్టి, పంపు కొనడానికి కరీంనగర్ బస్సెక్కాను. బస్సులో మా సంఘం ఆడవాళ్లు ఇద్దరు నన్ను చూసి లేచి నిలబడ్డారు, సీటు నాకిచ్చారు. గ్రీజు అంటిన చేతులు చూసి జాలిపడ్డారనుకున్నాను.

మధ్యాహ్నం నీళ్లు దించి, బెల్టు తీసి, పాత పంపు విప్పాను. గాస్కెట్ ముక్కలు బ్లేడుతో గీకడానికే గంట పట్టింది. సాయంత్రానికి కొత్తది బిగించి, నీళ్లు పోసి స్టార్ట్ చేస్తే చప్పుడు పోయింది. అప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

గంట విన్నాక చూడబోకుండా ఉండటం మా సంఘంలో లేదు. చేతులు కడుక్కుని, వేరే చీర కట్టుకుని రూతవ్వ ఇంటికి పోయాను. వాకిట్లో జనం లేరు. రూతవ్వ మంచంలో గోడకు ఆనుకుని కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. నన్ను చూసి కాయలు ఒళ్లో వదిలేసింది.

"నీకింకా చెప్పలేదా బిడ్డా" అంది.

మా వైపు గల్ఫ్ చావును భార్యకు అందరికంటే చివర చెబుతారు. శవం పెట్టె ఎప్పుడొస్తుందో తేలే దాకా దాస్తారు. అన్ని రోజులు ఏడుస్తూ తట్టుకోలేదని వాళ్ల ఆలోచన. దాసు గురువారం రాత్రి రూములో పడుకుని మళ్లీ లేవలేదు. రూములో తోటివాడు శుక్రవారం మా మరిది సామ్యూల్‌కు ఫోన్ చేశాడు. శనివారం పొద్దున సామ్యూల్ పాస్టరుగారి చెవిన వేశాడు. గంట కొట్టే ఎలియా ఆ మాట విని, ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ, పోయి తాడు పట్టుకున్నాడు. సామ్యూల్ పరుగెత్తి ఆ తాడు ఆపేసరికి ఐదు దెబ్బలు పడ్డాయి.

ఊరందరికీ తెలుసు. రోజంతా నాకొక్కదానికే తెలియదు.

సామ్యూల్‌కు ఆ మెసేజ్ వినిపించాను. "పాతది లేటుగ వచ్చిందేమో వదినా" అన్నాడు. గంట మాట వచ్చేదాకా విని, అక్కడే కింద కూర్చున్నాడు. తర్వాత షార్జాకు ఫోన్ చేస్తే ఆ తోటివాడు ఒట్టేసి చెప్పాడు. దాసు ఫోను శుక్రవారం పొద్దుననే బంద్ చేసి, పాస్‌పోర్టుతో కలిపి కంపెనీ ఆఫీసులో ఇచ్చేశాడట. అక్కడ తెలుగు వచ్చినవాళ్లు ఎవరూ లేరట. కానీ నేను పంపిన రికార్డుకు, విన్నట్టుగా, రెండు నీలం టిక్కులున్నాయి. పాస్టరుగారు విని, "తీసెయ్యి బిడ్డా, గది మనసును తింటది" అన్నారు. తియ్యలేదు.

పెట్టె రావడానికి పన్నెండు రోజులు పట్టింది. అందరూ వద్దన్నా ఆ బండిలోనే శంషాబాద్ పోయాను. వచ్చేటప్పుడు అంబులెన్సు వెనకాలే తోలాను. దారిలో ఎక్కడో ఒకచోట ఇంజన్ ఆగిపోవాలని, ఆ పెట్టె మా వాకిట్లో దిగడం నేను చూడకూడదని దేవుణ్ని అడిగాను. ఒక్క చుక్క నీరు కారలేదు. వేడి ముల్లు సగం దాటలేదు. అంత బాగా పని చేశాను.

పెట్టెతో పాటు ఒక సంచి వచ్చింది. అందులో రెండు చొక్కాలు, పాస్‌పోర్టు, ఆయన ఫోను. ఛార్జింగ్ పెడితే ఆ మెసేజ్ దాని నుంచే వచ్చిందో లేదో తెలుస్తుందని సామ్యూల్ ఇప్పటికీ అంటాడు. నేను ఆ ఫోను దాచిన బీరువా తాళం ఇవ్వను.

ఆదివారం చర్చికి పోయే ముందు బండి స్టార్ట్ చేస్తాను. ఆదివారం గంట గబగబా మోగుతుంది. రూతవ్వ ఇంకా బతికే ఉంది. ఆ మెసేజ్ ఎవరు పంపారో, ఎలా వచ్చిందో నాకు తెలియదు, చెప్పగలిగినవాళ్లు కూడా ఎవరూ దొరకలేదు.

నాకు తెలిసింది ఒక్కటే. ఆయన అడిగాడు, నేను తప్పు చెప్పాను. ఆ తప్పు జవాబు ఇంకా ఒక్క టిక్కు దగ్గరే ఆగి ఉంది. ఆ ఫోను ఛార్జింగ్ పెట్టిన రోజు అది ఆయనకు చేరుతుంది, విమానం టైం చెప్పమనే మాటతో సహా. అందుకే పెట్టను. సరైన జవాబు చెప్పాలని ఎన్నోసార్లు మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టుకున్నాను. "నీకే కొట్టిండ్రు" అనాలి, అంతే. రెండేళ్లైంది, నోరు రావడం లేదు.