మొండయ్య కొలకర్ర

వడ్ల ఓదెలుకు లప్పమంటే రోత. రోతంటే అలాంటిలాంటి రోత కాదు. సరేసు జిగురు ఉడుకుతున్న డబ్బా దగ్గరికొస్తే చాలు, ఖాండ్రించి ఉమ్మేవాడు. రంపపు పొట్టులో ఆ కంపు సరేసు కలిపి ముద్దచేసి, అతుకు కుదరని చోటల్లా కుక్కి, పైన రంగు పూసేస్తే అదే లప్పం. "పని రానోని పౌడరు గిది, థూ!" అనేవాడు. మంథని పక్కన సర్కారు కొయ్యపని షెడ్డులో చేరి అతనికి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లలో అతని చేతి మంచం ఒక్కటీ లప్పం ఎరగదు.

ఆ మిడిసిపాటు తండ్రి మొండయ్య నుంచి వచ్చింది. మొండయ్య చేసిన మంచంలో ఇనుప మేకన్నది ఉండదు. మంచం కోడుకు బెజ్జం తొలిచి, పట్టె చివర నాలుకలా కుసి చెక్కి, ఆ కుసిని బెజ్జంలో దించితే మళ్లీ పీకడానికి ఇద్దరు మగవాళ్లు కావాలి. ఆయన వాడిన మూరెడు టేకు కొలకర్ర ఇప్పుడు ఓదెలు దగ్గరుంది. దసరానాడు అన్ని పనిముట్లకంటే ముందు దానికే పసుపూ కుంకుమా. పెద్దవాళ్ల కర్ర పక్కన ఇంకో కర్ర ఆనించి సరిచూడటం వడ్రంగుల్లో మహా తప్పు. చచ్చిపోయిన మనిషి మాటను అనుమానించినట్టే లెక్క. అంత పవిత్రమైన కర్రతో ఓదెలుకు ఇంకో పని కూడా ఉండేది. ఎవరినైనా తిట్టాలంటే దాని మొనను బండకేసి టకటకా కొడుతూ తిట్టేవాడు. తిట్టడానికి రోజూ ఎవరో ఒకరు దొరికేవారు.

అరవై ఒకటిలో షెడ్డు పెద్ద వెంకటి సారు ఎక్కడో శిక్షణకు పోయొచ్చి పని పంచాడు. అంతవరకు ఒక మంచం మొదలుపెట్టినవాడే చివరిదాకా చేసేవాడు. ఇక నుంచి ఓదెలు కోళ్లకు బెజ్జాలు తొలవాలి, తోటి పనివాళ్లలో అంతయ్య పట్టెలకు కుసులు చెక్కాలి, హనుమంతు రెండూ బిగించాలి. వారానికి ఆరు మంచాలయ్యే చోట పద్నాలుగు అవుతాయన్నాడు సారు. అయ్యాయి కూడా. ఉట్నూరు దిక్కున పిల్లల వసతి గృహానికి అరవై మంచాలు కావాలి మరి.

అయితే ఏం లాభం? కుసి బెజ్జంలో దిగదు! హనుమంతు సుత్తెతో బాదితే కోడు పగిలేది. ఎందుకొచ్చిన పీడ అని అతను కంటి అంచనాతో కుసిని చెక్కేసేవాడు. అది కాస్తా వదులయ్యేది. వదులైన చోటల్లా లప్పం. షెడ్డంతా ఆ కంపే.

"ఏందిర అంతిగా, కుసులు చెక్కుతున్నవా, రోకలిబండలు చెక్కుతున్నవా?" ఓదెలు కర్ర మొన బండమీద మోగేది. "మా బాపు దగ్గర ఆరేండ్లు నేర్సిన చెయ్యేనా గిది? బాపు ఉంటే నీ మొకం మీద ఉమ్ముతుండె!"

అంతయ్య ఆ కర్ర వంక చూసేవాడు. ఏదో అనబోయి మింగేసేవాడు. "నేను సక్కగనే చెక్కుతున్న ఓదెలన్నా," అని మాత్రం అని, తలొంచుకుని మళ్లీ బాడిస పట్టేవాడు. ఎదురు తిరిగి నాలుగు మాటలంటే ఓదెలుకు బాగుండేదేమో. ఆ మెతకతనం చూస్తే ఒళ్లంతా జలదరించేది.

పంపిన ముప్పై మంచాల్లో పన్నెండు నెల తిరక్కుండానే లారీలో వెనక్కి వచ్చాయి. వానాకాలపు తేమకు లప్పం ఉబ్బి, పొలుసులు పొలుసులుగా రాలిపోయింది. పట్టెలు ఊడి పిల్లలు దబ్బున కిందపడ్డారట. వెంకటి సారు ముఖం మాడిపోయింది.

"తప్పెవనిదో తేల్చకుంటే షెడ్డే మూతపడుతది. ఎవనిది?"

"అడుగుడెందుకు సారూ? అంతిగాని కుసులే," అన్నాడు ఓదెలు. "నా బెజ్జం మా బాపు కొలత."

మొండయ్య కొలత అన్నాక ఇంకెవరు నోరెత్తుతారు? ఆ సాయంత్రమే అంతయ్యను తీసేశారు. అతను ఉలులు, బాడిస గోనెసంచిలో సర్దుకుని, పోతూ పోతూ ఆగి, బల్లకు ఆనించి ఉన్న కొలకర్రను తాకి కళ్లకద్దుకున్నాడు.

"సాలు తియ్, నాటకాలు!" అని ఉమ్మాడు ఓదెలు.

తర్వాత కుసులు, బెజ్జాలు రెండూ ఓదెలే చేశాడు. ఇంకేముంది, చక్కగా దిగాయి. "సూసిన్రా? దొంగెవడో తేలిందా?" అని షెడ్డంతా వినబడేలా అరిచాడు. అంతయ్య చెక్కి వదిలేసిన పట్టెలు ఓ పాతిక మిగిలితే, అవి కంటికి కనబడటమే రోతని కట్టగట్టి పొయ్యిలోకి ఇంటికి మోయించాడు.

చలికాలంలో, ఇంట్లో ఉన్న మొండయ్య చేతి మంచానికి ఒక పట్టె విరిగింది. ఓదెలు భార్య కమలవ్వ నెలరోజులు చెప్పి చెప్పి విసిగిపోయింది. "ఊరోళ్లకందరికి మంచాలు చేస్తవు. మామ మంచం కుంటుకుంట పడి ఉంటది," అంది. సరేనని ఓదెలు కర్ర పెట్టి కొలిచి, కొత్త పట్టె చెక్కి, కుసిని దించాడు. అది లోపల గలగల ఆడింది. ఇదేం విడ్డూరం? ఒళ్లు దగ్గర పెట్టుకుని ఇంకోటి చెక్కాడు. అదీ ఆడింది.

"ఊకె పొయ్యిల పెడుతున్న, గిదొకటి పెట్టి సూడరాదు," అని కమలవ్వ కట్టెల కుప్పలోంచి ఒక పట్టె లాగి ఇచ్చింది.

"అంతిగానిదా? ఛీ! గది దిగుతదా, దాని మొకం." దిగదని భార్యకు చూపించడానికే ఓదెలు దాన్ని బెజ్జం మూతిలో పెట్టి సుత్తెతో రెండు దెబ్బలేశాడు. అది నిండుగా, గట్టిగా లోపలికంటా పోయి కూర్చుంది. కాలు తన్నిపెట్టి పీకినా ఊడలేదు.

ఓదెలు సుత్తె పక్కన పడేశాడు. కొలకర్ర తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. మొన గుండ్రంగా అరిగిపోయి ఉంది. తండ్రి కర్రను ఏ కర్రతోనూ సరిచూడకూడదు. అయినా అంతయ్య చెక్కిన ఇంకో కుసి పక్కన ఆనించాడు. కర్ర మొన నుంచి మొదటి గీత దాకా వడ్లగింజంత తక్కువ. బెజ్జాలన్నీ ఆ మొన నుంచే గీశాడు తను. పగిలిన కోళ్లు, లప్పం, కిందపడ్డ పిల్లలు, అన్నీ తనవే. "ఛీ, నా బతుకు పాడుగాను," అన్నాడు.

తెల్లారి పోయి వెంకటి సారుకు అంతా చెప్పాడు. సారు కొట్టలేదు, తిట్టలేదు. కొలవడానికి బల్లకొకటి ఇనుప బద్ద ఇచ్చి, ఇక కర్రలు ఇంట్లో పెట్టుకోండన్నాడు.

"మరి అంతయ్యను పిలిపిస్తరా సారూ?"

"ఆనిదే తప్పని కాయితం పైకి పోయింది ఓదెలూ. ఇప్పుడు కాదంటే నా మెడకు సుట్టుకుంటది. ఊకో."

సారు నోటి నుంచి సరేసు కంపు కొట్టినట్టనిపించింది ఓదెలుకు. అక్కడ నిలబడలేక, అంతయ్య ఎక్కడున్నాడో కనుక్కుని, కర్రను కండువాలో చుట్టుకుని పెద్దపల్లికి బస్సెక్కాడు, అక్కడ బెల్లంపల్లి రైలెక్కాడు.

అంతయ్య అక్కడ బొగ్గుబాయి కట్టెల అడితిలో ఉన్నాడు. గనిలోపల పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగలు గొడ్డలితో నరుకుతున్నాడు. కుసీ లేదు, బెజ్జమూ లేదు. అరచేతులు పగిలి బొగ్గు దిగాయి. ఓదెలును చూసి గొడ్డలి కిందపెట్టి, "వచ్చినవా ఓదెలన్నా, వదినె మంచిగున్నదా?" అన్నాడు.

ఓదెలు కండువా విప్పి కర్ర చూపించాడు. "నీకెరుకనా?"

"రెండోనాడే ఎరుక."

"మరి చెప్పవైతివేందిర!"

"ఎట్ల చెప్తనే? నా కర్ర, బాపు ఉన్నప్పుడు ఆయన ముంగటనే గా కర్రకు ఆనిచ్చి గీసుకున్నదే. బాపు కర్ర పొట్టిదని నా నోటితోని నేనెట్లంట?" అంతయ్య దాన్ని రెండు చేతులతో అందుకుని అరిగిన మొనను బొటనవేలితో తడిమాడు. కళ్లకద్దుకుని తిరిగిచ్చాడు. "బాపు గీ కర్రను ఎన్నడు కింద ఆనియ్యంగ నేను సూడలేదన్నా," అన్నాడు మెల్లగా.

ఓదెలుకు అలవాటుగా నోటినిండా ఉమ్మి ఊరింది. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎక్కడా ఉమ్మబుద్ధి కాక మింగేశాడు.