ముప్పై ఒక్క కిలోలు

మాది దేవరుప్పుల. పురుగుమందుల దుకాణం నడుపుతాను. పత్తికి ఎవరివో కళ్లు తగిలాయని ఏడుస్తూ వచ్చిన రైతుకు కూడా మందు డబ్బా ఇచ్చి పంపానే తప్ప నిమ్మకాయ కట్టుకోమని చెప్పలేదు. దయ్యం, గాలి, పూనకం, ఇవన్నీ పని లేనివాళ్ల కబుర్లని ఇప్పటికీ అంటాను. ఇది చదివి నన్ను కూడా ఆ పని లేనివాళ్లలో కలిపేస్తే కలపండి. నాకు పోయేదేమీ లేదు. పోవాల్సింది ముందే పోయింది.

మాకు ఒక్కతే బిడ్డ, శ్రీజ. నా భార్య సరిత పుట్టిల్లు భూపాలపల్లి దగ్గర. శ్రీజకు ఐదేళ్లప్పుడు అక్కడి నుంచే సమ్మక్క జాతరకు పోయాం. జనం మీదుగా హెలికాప్టర్ తిరుగుతోంది. టికెట్ కొన్నవాళ్లను ఎక్కించుకుని అడవినీ అమ్మవార్ల గద్దెలనీ పైనుంచి చూపించి దింపేవారు. "బాపూ, గాలిమోటరు ఎక్కుదాం" అని పిల్ల నా మెడ మీద కూర్చుని చెవులు పట్టి లాగింది. విమానాన్ని మా అవ్వ అలాగే అనేది, పిల్ల ఆమె దగ్గర నేర్చుకుంది.

వరుసలో నిలబడ్డాం. మా వంతు దగ్గరపడేసరికి గాలి ఎక్కువైందని ఆపేశారు. రెండేళ్లకు మళ్లీ జాతర వస్తుంది కదా, అప్పుడు ఎక్కుదామన్నాను.

ఆ రెండేళ్లు పిల్లకు లేవు. జ్వరం వచ్చింది, రక్తంలో కణాలు పడిపోయాయి. మందు ఎంత ఇవ్వాలో చూడ్డానికి దవాఖానలో బరువు తూచారు, పదిహేడు కిలోలు. ఆ మాట వినగానే సరిత వరండాలోకి పోయి కొంగు పట్టి సమ్మక్కకు మొక్కింది. పిల్ల బతికితే ఎత్తు బంగారం ఇస్తానంది. మా వైపు అమ్మవార్లకు బంగారమంటే బెల్లమే. మనిషిని తక్కెట్లో కూర్చోబెట్టి, సరితూగే బెల్లం ఇస్తారు. పిల్ల బతకలేదు.

చుట్టాలు ఊరుకోలేదు. మొక్కాక ఇవ్వాల్సిందే, లేకపోతే అరిష్టం అన్నారు. ఇంకేం అరిష్టం మిగిలిందో నాకు అర్థం కాలేదు. సరిత మాత్రం అందరి ముందూ ఒకటే మాట అంది. "నా బిడ్డనిచ్చిందా ఆమె? నేనెందుకియ్యాలె బెల్లం?" జాతర వైపు మళ్లీ పోలేదు. నన్ను ఏదైనా అడగడం కూడా మానేసింది. చీర కొందామన్నా, ఎక్కడికైనా పోదామన్నా 'మీ ఇష్టం' అనేది. ఆరేళ్లు ఆ 'మీ ఇష్టం'తోనే కాపురం చేశాను.

పోయిన వానకాలం సీజన్ ముగిశాక ఒక మందుల కంపెనీ మా వైపు డీలర్లను భార్యలతో సహా మారిషస్ తీసుకుపోయింది. రైతు చేలో మందు కొడతాడు, మేం దీవులు తిరుగుతాం. లోకం తీరు అలా ఉంది.

ఒకరోజు ఎవరికి నచ్చింది వాళ్లు చూసుకోవచ్చన్నారు. హోటల్లో ఒక బల్ల మీద రంగురంగుల కాగితాలు పరిచారు. పడవలు, డాల్ఫిన్లు, హెలికాప్టర్. హెలికాప్టర్‌లో మళ్లీ మూడు రకాలు. తీరం వెంట చిన్న చుట్టు ఒకటి, జలపాతాల దాకా పోయేది ఒకటి, దీవి మొత్తం తిరిగేది ఒకటి. చేపలు పట్టడానికి పోదామని పెద్దవంగర డీలరన్న నా చెయ్యి పట్టి లాగుతున్నాడు. సరిత ఆ కాగితాల మీదికి వంగింది. "గీ మూడిట్ల ఏది ఎక్కువసేపు పైన ఉంటది?" అని నన్ను అడిగింది.

ఆరేళ్లలో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి కోరిక అది. మారుమాట్లాడకుండా దీవి మొత్తం తిరిగేదే తీసుకున్నాను. ఎవరి కోసమో ఇద్దరికీ తెలుసు.

బరువును బట్టి సీట్లు ఇస్తారట, ముందే చెప్పమన్నారు. గదిలో తూకం మిషన్ ఉంటే ఇద్దరం ఎక్కి చూసుకున్నాం. సరిత యాభై ఎనిమిది.

మర్నాడు పొద్దున హెలికాప్టర్ ఎక్కే చోటికి పోతే మళ్లీ తూచారు. తూకం కనబడగానే సరిత చెప్పులు విడిచి, దాన్ని తాకి కళ్లకద్దుకుని ఎక్కింది. జాతరలో బెల్లం తక్కెడ ఎక్కేముందు మావాళ్లు చేసే పని. కౌంటర్ దగ్గరి అమ్మాయి నవ్వింది, నాకు సిగ్గేసింది. అంతలోనే ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. ఎనభై తొమ్మిది చూపిస్తోంది.

సరిత చేతిలో ఏమీ లేదు. సంచి నా దగ్గరే ఉంది. ఆమెను దింపి నన్ను ఎక్కించారు. నాది గదిలో ఎంత వచ్చిందో అంతే వచ్చింది. లోపలి నుంచి ఇంకో మిషన్ తెచ్చారు. దాని మీదా సరిత ఎనభై తొమ్మిదే. పైలట్ కూడా వచ్చి ఆమెను ఎగాదిగా చూశాడు. చివరికి నన్ను ముందు, ఆమెను ఒక్కదాన్నే వెనక కూర్చోబెట్టారు.

పైకి లేచాక వెనక్కి తిరిగి చూశాను. సరిత కిటికీ పక్క సీటు ఖాళీగా వదిలేసి నడుమ కూర్చుంది. ఆ మోతలో మాట వినబడదు. కానీ కిందికి వేలు పెట్టి చూపిస్తూ ఏదో చెబుతూనే ఉంది. నాతో కాదు. ఆమె అంతగా మాట్లాడటం చూసి ఎన్నేళ్లయిందో. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సముద్రమూ చూడలేదు, జలపాతమూ చూడలేదు.

దిగాక ఎవరూ అడగకుండానే సరిత పోయి తూకం ఎక్కింది. యాభై ఎనిమిది. కాసేపు ఆ అంకెనే చూసి, కిందికి దిగి చెప్పులు వేసుకుంది.

హోటల్‌కు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఊరుకోలేకపోయాను. "మిషన్ ఖరాబైంది సరితా. పిల్లనే అనుకుంటే పదిహేడే పెరగాలె. గా ముప్పై ఒకటి ఎక్కడిది?" అన్నాను.

ఆమె కిటికీలోంచి చూపు తిప్పలేదు. "ఎదగదా పిల్ల? ఇప్పుడు ఏడో తరగతి గదా" అంది.

ఈ మాఘంలో జాతరకు పోదామని తనే అంది. మొక్కు తీరుస్తుందని చుట్టాలు సంబరపడ్డారు. గద్దెల దారిలో ఒక బెల్లం దుకాణం దగ్గర ఆగింది. ఎవరి ఎత్తు అని దుకాణం ఆయన అడిగాడు. మా బిడ్డది అంది.

"అయితే బిడ్డను కూసోపెట్టుండ్రి అక్కా, తూస్త."

"బిడ్డ రాలే. ఏడో తరగతి పిల్ల ఎంతుంటదన్నా?"

"నా బిడ్డది గూడ ఏడే. నిన్ననే దాని ఎత్తు ఇచ్చిన. ముప్పై ఒకటి తూగింది" అన్నాడతను, సంతోషంగా.

సరిత తల ఊపింది. చిన్న ముక్క కూడా కొనలేదు. "ఇచ్చెటందుకు రాలే, గిది అడిగెటందుకే వచ్చిన" అని నాతో అని వెనక్కి తిరిగింది. మా పైనుంచి హెలికాప్టర్ పోయింది. ఇద్దరం తలెత్తలేదు.

అక్కడి మిషన్ పాడైందని ఇప్పటికీ అంటాను. రెండో మిషన్ కూడా పాడైందనే అంటాను. పాడైన మిషన్లకు మా పిల్ల ఎంత ఎదిగిందో ఎలా తెలిసిందో మాత్రం నన్నడక్కండి.